క్లాంపు లెక్క ఒకటి, మీటరు లెక్క మరొకటి: ఇంటి కరెంటు కొలతల్లో తేడా ఎక్కడ పుడుతోంది?

క్లుప్తంగా: ఇంట్లో బిగించుకున్న కరెంటు సెన్సరుకూ మీటరుకూ లెక్క కుదరకపోతే తప్పు చాలావరకు సెన్సరుది కాదు. వోల్టేజిని కొలవకుండా 230 అని అనుకోవడం, పవర్ ఫ్యాక్టర్‌ను (వోల్టేజిని కరెంటుతో గుణిస్తే వచ్చే అంకెలో నిజంగా ఖర్చయ్యే వాట్ల వంతు) వదిలేయడం, ఇంటి వాడకానికి బాగా మించిన సైజు క్లాంపు (తీగను తెంచకుండా దాని చుట్టూ బిగించే సెన్సరు) తగిలించడం ప్రధాన కారణాలు. వీటిని సవరించి, మీటరు మీద మినుకుమనే ఎర్ర లైటుతో సరిచూసుకుంటే తేడాను రెండు శాతం దరిదాపులకు తేవచ్చు.

విశాఖపట్నంలో వేసవి అంటే ఎండ కన్నా ఉక్కపోత. సముద్రపు తేమ వల్ల పొద్దుపోయాక కూడా చెమట ఆరదు, ఏసీలు తెల్లవార్లూ నడుస్తాయి. మే, జూన్ బిల్లులు చేతికొచ్చాక మీటరు గిర్రున తిరుగుతోందన్న అనుమానం ఏటా పుట్టేదే. స్మార్ట్ మీటర్ల మీద రాష్ట్రంలో నడుస్తున్న వాదోపవాదాలు దాన్ని ఇంకాస్త పెంచాయి. అందుకే మెయిన్ స్విచ్ దగ్గర తీగకు క్లాంపు సెన్సరు తగిలించి, వాడకాన్ని ఫోనులో చూసుకునే ఇళ్లు మధురవాడలోనూ ఉన్నాయి, గాజువాకలోనూ ఉన్నాయి.

చిక్కు నెలాఖరుకు వస్తుంది. ఫోను 260 యూనిట్లు అంటే మీటరు 238 అంటుంది. ఇంకో ఇంట్లో ఇదే తలకిందులుగా ఉంటుంది. మీటరు మోసమని ఒకరు, చవక సెన్సరు అంతేనని మరొకరు తేల్చేస్తారు. రెండూ తొందరపాటు తీర్పులే. అసలు ముందుగా చూడాల్సింది తేదీలు. రీడింగు తీసే సిబ్బంది ప్రతి నెలా ఒకే రోజున రారు, ఫోను యాప్ మాత్రం ఒకటో తేదీ నుంచి లెక్క కడుతుంది. కాబట్టి పోల్చాల్సింది బిల్లుతో కాదు. ఒక రోజు ఉదయం మీటరు అంకెను రాసుకుని, వారం తర్వాత అదే వేళకు మళ్లీ చూసి, ఆ తేడాను అదే వారంలో సెన్సరు చూపిన తేడాతో పోల్చాలి. కొన్ని ఫిర్యాదులు ఇక్కడే తేలిపోతాయి. తేలనివాటికే మిగతా విశ్లేషణ అవసరం.

ఇరవై యూనిట్ల పొరపాటు ఖరీదెంత?

ఆంధ్రప్రదేశ్‌లో గృహ వినియోగానికి 2022లో అమల్లోకి వచ్చిన శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్‌కు రూ.1.90, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. శ్లాబు దాటితే మొత్తం యూనిట్లకు కొత్త రేటు పడదు, దాటిన యూనిట్లకే పడుతుంది. అయినా గడప దగ్గర తేడా గట్టిగానే తెలుస్తుంది.

నిజంగా 220 యూనిట్లు వాడిన ఇంటికి ఇంధన చార్జీ రూ.987 అవుతుంది. సెన్సరు దాన్ని 240గా చూపితే లెక్క రూ.1,148.25కు చేరుతుంది. యూనిట్లలో 9 శాతం పొరపాటు డబ్బులో 16 శాతం దాటింది. స్థిర చార్జీలు, సుంకం, సర్దుబాటు చార్జీలు దీనికి అదనం. నెల మధ్యలో ఫోను చూసుకుని, శ్లాబు దాటకుండా ఏసీ తగ్గించుకోవాలనుకునే కుటుంబానికి ఈ పొరపాటు మరీ ఇబ్బంది. కొలత తప్పితే పొదుపు కూడా తప్పు రోజున మొదలవుతుంది.

క్లాంపు కొలిచేది కరెంటునే, వాడకాన్ని కాదు

ఇళ్లలో ఎక్కువగా వాడే క్లాంపు లోపల ఉన్నది చిన్న కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్. సంక్షిప్తంగా సీటీ అంటారు. ఫేజు తీగ చుట్టూ రెండు ముక్కల కోరు (అయస్కాంత పదార్థంతో చేసిన చట్రం) మూసుకుంటుంది. తీగలో పారే కరెంటు సృష్టించే అయస్కాంత క్షేత్రం ఆ కోరు మీది చుట్టలో అతి చిన్న కరెంటును పుట్టిస్తుంది. బాగా దొరికే ఎస్‌సీటీ-013-000 రకంలో ఈ నిష్పత్తి 2000కు 1. అంటే తీగలో 100 ఆంపియర్లు పారితే బయటికి 50 మిల్లీఆంపియర్లు వస్తాయి. దాన్ని ఒక రెసిస్టర్ గుండా పంపి, పుట్టిన వోల్టేజిని మైక్రోకంట్రోలర్ అనే చిన్న కంప్యూటర్ చిప్ చదువుతుంది.

ఇంతవరకు తెలిసింది ఆంపియర్లు మాత్రమే. మీటరు లెక్కించేది కిలోవాట్ అవర్లను. ఆంపియర్లను వాట్లుగా మార్చాలంటే ప్రతి క్షణం వోల్టేజి ఎంతో తెలియాలి, వోల్టేజి తరంగానికీ కరెంటు తరంగానికీ మధ్య ఎంత కోణం ఉందో తెలియాలి. చవక యంత్రాలు ఈ రెండింటినీ ఊహించుకుంటాయి. వోల్టేజి 230, పవర్ ఫ్యాక్టర్ 1 అనుకుని గుణించేస్తాయి.

మొదటి ఊహ సంగతి చూద్దాం. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, లైను చివర ఉన్న ఇంట్లో సాయంత్రం ఏసీలన్నీ మొదలయ్యాక వోల్టేజి 210కి దిగిందనుకుంటే, 230తో గుణించిన లెక్క దాదాపు 9.5 శాతం ఎక్కువ చూపుతుంది. అర్ధరాత్రి దాటాక 242కు పెరిగితే 5 శాతం తక్కువ చూపుతుంది. నెల మొత్తం మీద ఎక్కువ తక్కువలు కొంత సర్దుకుని, అంకె సరిగ్గానే ఉన్నట్టు కనిపించవచ్చు. గంటగంటకూ వచ్చే గ్రాఫు మాత్రం తప్పే. ఏసీ ఖర్చు తెలుసుకోవాలనుకునేవారికి ఆ గ్రాఫే ముఖ్యం.

రెండో ఊహ ఇంకా చేటు చేస్తుంది. గీజరు, ఇస్త్రీ పెట్టె లాంటి వేడి పుట్టించే సాధనాలకు పవర్ ఫ్యాక్టర్ దాదాపు 1 కాబట్టి ఇబ్బంది లేదు. పాతరకం ఫ్రిజ్ కంప్రెసర్, నీళ్ల మోటారు, చవకరకం ఎల్‌ఈడీ బల్బుల దారి వేరు. 9 వాట్ల బల్బు పవర్ ఫ్యాక్టర్ 0.55 అయితే క్లాంపు ఒక్కటే దాన్ని 16 వాట్లకు పైగా చూపుతుంది. ఫ్రిజ్ 120 వాట్లు తీసుకుంటూ 0.65 పవర్ ఫ్యాక్టర్‌తో నడుస్తుంటే 185 వాట్లుగా కనిపిస్తుంది. మంచి ఇన్వర్టర్ ఏసీల్లో పవర్ ఫ్యాక్టర్‌ను సరిచేసే ఏర్పాటు ఉంటుంది, వాటిలో ఈ తేడా స్వల్పం. అంటే వేసవిలో బాగానే కుదిరిన లెక్క, ఏసీలు ఆగిపోయి ఫ్రిజ్, బల్బులు, ఫ్యాన్లు మాత్రమే మిగిలే డిసెంబరులో చెడిపోవచ్చు. అప్పుడు సెన్సరు పాడైందనుకోవడం సహజమే. కానీ మారింది సెన్సరు కాదు, ఇంట్లో నడిచే సాధనాలు.

వోల్టేజిని కూడా కొలిచి, ఒక్కో క్షణపు వోల్టేజిని అదే క్షణపు కరెంటుతో గుణించి సగటు తీస్తే ఈ రెండు దోషాలూ ఒకేసారి పోతాయి. ఖచ్చితత్వం పెంచడానికి చేయగల ఖర్చుల్లో ఇంతకంటే ఫలితమిచ్చేది లేదు. ఖరీదైన క్లాంపు కొని వోల్టేజిని ఊహకే వదిలేస్తే ఆ డబ్బు దండగే.

మూడు డిగ్రీల తప్పు గీజరుకు కనిపించదు

వోల్టేజి కొలవడం మొదలుపెట్టాక కొత్త సమస్య తలెత్తుతుంది. సీటీ నుంచి వచ్చే తరంగం అసలు కరెంటు తరంగం కన్నా కొద్దిగా ముందుంటుంది. రెండు ముక్కల కోరులో అతుకు దగ్గర గాలి సందు ఉంటుంది కాబట్టి ఈ కోణం ఇంకా పెరుగుతుంది, తక్కువ కరెంటు దగ్గర మరీనూ. వోల్టేజిని దించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ కూడా తనవంతు కోణం కలుపుతుంది. ఆపై మైక్రోకంట్రోలర్ వోల్టేజిని ముందు, కరెంటును తర్వాత చదువుతుంది. ఇలాంటి సొంత తయారీల్లో వాడే ఆర్డువినో యూనో అనే మైక్రోకంట్రోలర్ బోర్డుకు ఒక్కసారి చదవడానికి 0.1 మిల్లీసెకను పడుతుంది. 50 హెర్ట్జ్ తరంగంలో ఒక మిల్లీసెకను అంటే 18 డిగ్రీలు, అంటే ఈ చిన్న ఆలస్యమే దాదాపు రెండు డిగ్రీలు.

మొత్తం మీద 3 డిగ్రీల తప్పు మిగిలిందనుకుందాం. గీజరు విషయంలో దాని ప్రభావం 0.14 శాతమే, వెయ్యి వాట్లకు ఒకటిన్నర వాట్లు కూడా ఉండదు. పవర్ ఫ్యాక్టర్ 0.7 ఉన్న నీళ్ల మోటారుకు వచ్చేసరికి అదే 3 డిగ్రీలు 5 శాతం తప్పుగా మారుతుంది. 0.5 ఉన్న సాధనానికి 9 శాతం. హీటరు పెట్టి సరిచూసి, అంతా బాగుందని సంతృప్తిపడేవారికి తర్వాత లెక్క ఎందుకు తప్పుతోందో అంతుపట్టకపోవడానికి కారణం ఇదే. హీటరు పరీక్షలో కోణం దోషం బయటపడదు. దాన్ని పట్టాలంటే మోటారు నడుపుతూ చూడాలి.

విద్యుత్ కొలతల కోసమే తయారైన చిప్‌లలో వోల్టేజినీ కరెంటునూ ఒకే క్షణంలో చదివే ఏర్పాటు, కోణాన్ని సవరించే అవకాశం రెండూ ఉంటాయి. ఏడీఈ7953, ఏటీఎం90ఈ32 అలాంటివే. సొంతంగా కోడు రాసుకుని ఈ సవరణ చేయడం అసాధ్యమేమీ కాదు గానీ, అంత ఓపిక లేనివారికి ఆ చిప్ ఉన్న యంత్రం కొనుక్కోవడమే సులువు.

కాటా పెద్దది, సరుకు చిన్నది

5 కిలోవాట్ల లోడు మంజూరైన ఇంట్లో అన్నీ ఒకేసారి వేసినా కరెంటు 22 ఆంపియర్లు దాటదు. రోజులో ఎక్కువ సేపు ఒకటి రెండు ఆంపియర్ల దగ్గరే ఉంటుంది. అక్కడ 100 ఆంపియర్ల క్లాంపు వాడటమంటే ధాన్యం బస్తాలు తూచే కాటా మీద జీలకర్ర పొట్లం పెట్టడమే.

అంకెల్లో చూస్తే తీవ్రత తెలుస్తుంది. 2000కు 1 నిష్పత్తి ఉన్న క్లాంపుకు 33 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే, ఒక ఆంపియరుకు 16.5 మిల్లీవోల్టులు వస్తాయి. తరంగం పై కొన నుంచి కింది కొనకు కొలిస్తే 47 మిల్లీవోల్టులు. 5 వోల్టులను 1024 మెట్లుగా విడగొట్టే ఆర్డువినోకు ఒక్కో మెట్టు 4.9 మిల్లీవోల్టులు. అంటే తరంగమంతా కలిపి పది మెట్లలోపే. 20 వాట్ల బల్బు ఒక్కటే వెలుగుతుంటే ఒక మెట్టు కూడా ఎక్కదు, ఆ యంత్రానికి సంబంధించినంత వరకు ఆ బల్బు లేనట్టే. ఈఎస్‌పీ32 లాంటి బోర్డుల్లో మెట్లు 4096 ఉన్నా, అంచుల దగ్గర ఆ మెట్లు సమానంగా ఉండవు.

అవతలి వైపు ఇంకో తప్పు పొంచి ఉంటుంది. ఎంసీబీలన్నీ (బోర్డులోని ట్రిప్ స్విచ్‌లు) దించేసినా యాప్‌లో 0.05 ఆంపియరు కనిపిస్తూ ఉంటుంది. అది కరెంటు కాదు, సర్క్యూట్లోని రొద, అంటే ఏ వాడకమూ లేకున్నా కనిపించే గజిబిజి సంకేతం. 230తో గుణిస్తే 11.5 వాట్లు, నెలకు 8 యూనిట్లకు పైగా. ఎవరూ వాడని యూనిట్లు! సెట్‌టాప్ బాక్సు స్టాండ్‌బైలో ఎంత తింటోందో కనిపెట్టాలని కూర్చున్నవారికి ఈ రొదే సెట్‌టాప్ బాక్సంత పెద్దది. వోల్టేజిని క్షణక్షణం గుణించే పద్ధతిలో దీనికీ విరుగుడుంది. రొదకు వోల్టేజి తరంగంతో పొంతన ఉండదు కాబట్టి సగటు తీసినప్పుడు చాలావరకు తుడిచిపెట్టుకుపోతుంది.

సైజు దోషానికి నేరుగా చేయగలిగింది 30 ఆంపియర్ల క్లాంపుకు మారడం. 30 ఆంపియర్లకు ఒక వోల్టు ఇచ్చే రకంలో ఒక ఆంపియరుకు 33 మిల్లీవోల్టులు వస్తాయి, అంటే రెట్టింపు. ఏసీకి వెళ్లే విడి తీగ లాంటిదైతే దాన్నే క్లాంపు గుండా నాలుగు చుట్లు తిప్పవచ్చు. సంకేతం నాలుగింతలవుతుంది, లెక్కలో నాలుగుతో భాగించుకోవాలి. మెయిన్ తీగ మందంగా ఉంటుంది, 13 మిల్లీమీటర్ల రంధ్రంలో అది అన్ని చుట్లు పట్టదు. రెసిస్టర్ విలువ పెంచడం మూడో దారి. కానీ మరీ పెంచితే కోరు మీద భారం పెరిగి, ఇంతకుముందు చెప్పిన కోణం దోషం ఎక్కువవుతుంది.

తీగను మధ్యలో తెంచి కలిపే ఏసీఎస్712 లాంటి హాల్ సెన్సర్లు (కరెంటు సృష్టించే అయస్కాంత క్షేత్రాన్ని చిప్‌తో కొలిచేవి) చవక. 30 ఆంపియర్ల రకం ఆంపియరుకు 66 మిల్లీవోల్టులు ఇస్తుంది గానీ దాని రొద ఎక్కువ, సున్నా స్థానం ఉష్ణోగ్రతతో పాటు జరుగుతుంది. పైగా ఇంటి మెయిన్ తీగను అరచేతిలో ఇమిడే బోర్డు గుండా నడపడం అగ్నిప్రమాదాన్ని కొనితెచ్చుకోవడమే. రోగోస్కీ కాయిల్‌కు కోరు ఉండదు, తీగ చుట్టూ తొడిగే ఒట్టి చుట్ట మాత్రమే, కాబట్టి ఎంత కరెంటు పారినా అది సంతృప్తమై కొలవడం మానేయదు. అయితే అది ఫ్యాక్టరీల స్థాయి కరెంట్లకు తగినది, ఇంటికి అక్కర్లేదు.

మూడు ఫేజులు, మేడ మీద సోలార్

త్రీఫేజ్ కనెక్షను ఉన్న ఇళ్లలో ఒక పొరపాటు తరచుగా జరిగే అవకాశం ఉంది. క్లాంపులు మూడు పెట్టి, వోల్టేజిని మాత్రం ఒక్క ఫేజు నుంచే తీసుకుంటారు. ఫేజుల మధ్య 120 డిగ్రీల ఎడం ఉంటుంది. కోణాన్ని సవరించకుండా ఒక ఫేజు వోల్టేజితో పక్క ఫేజు కరెంటును గుణిస్తే 1000 వాట్ల గీజరు మైనస్ 500 వాట్లుగా కనిపిస్తుంది. మూడు వోల్టేజిలూ విడివిడిగా తీసుకోవాలి.

2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం మొదలయ్యాక మేడల మీద సోలార్ పలకల మీద ఆసక్తి పెరిగింది. ఇక్కడ వోల్టేజి కొలత లేని క్లాంపు పూర్తిగా దారి తప్పిస్తుంది. మధ్యాహ్నం ఇంటి నుంచి గ్రిడ్‌కు 2 కిలోవాట్లు వెళుతున్నా, గ్రిడ్ నుంచి ఇంటికి 2 కిలోవాట్లు వస్తున్నా దానికి ఒకటే. దిశ తెలిసేది వోల్టేజితో పోల్చినప్పుడే. క్లాంపు మీద బాణం గుర్తు ఉంటుంది, అది తిరగబడితే ఎగుమతి దిగుమతిగా మారిపోతుంది.

మీటరు లైటే గురువు

ఎలక్ట్రానిక్ మీటరు ముందు భాగంలో ఒక ఎర్ర లైటు మినుకుమంటూ ఉంటుంది. ఒక యూనిట్‌కు అది ఎన్నిసార్లు వెలుగుతుందో పక్కనే రాసి ఉంటుంది. 3200 అన్నది బాగా కనిపించే అంకె, 1600 ఉన్న మీటర్లూ ఉన్నాయి. ఇళ్లలో వాడే మీటరు సాధారణంగా క్లాస్ 1 రకం, అంటే దాని దోషం ఒక శాతం లోపు. అంత నమ్మదగిన కొలమానం గోడ మీద ఉచితంగా ఉండగా వేరే పరికరం వెతకనక్కర్లేదు.

లెక్క తేలిక. 3200 మీటరైతే 1125ను రెండు మెరుపుల మధ్య సెకన్లతో భాగిస్తే ఆ క్షణాన వాట్లు వస్తాయి. 1600 మీటరైతే 2250ని భాగించాలి. ఫ్రిజ్, ఇన్వర్టర్ బ్యాటరీ చార్జింగు సహా అన్నీ ఆపేసి, ప్లాస్టిక్ బకెట్లో నీళ్లు పోసి 1500 వాట్ల హీటర్ రాడ్ పెట్టాలి. అది నడుస్తున్నంతసేపూ నీళ్లను ముట్టుకోకూడదు. ఇస్త్రీ పెట్టె ఈ పనికి పనికిరాదు, మధ్యమధ్యలో దానంతటదే ఆగిపోతుంది. ఫోనులో వీడియో తీసి 40 మెరుపులకు ఎంతసేపు పట్టిందో చూస్తే చాలు.

34 సెకన్లు పట్టిందనుకుందాం. ఒక్కో మెరుపుకు 0.85 సెకను, అంటే 1324 వాట్లు. రాడ్ మీద 1500 అని ఉన్నా ఇంతే రావడంలో వింత లేదు. హీటరు తీసుకునే వాట్లు వోల్టేజి వర్గాన్ని బట్టి మారతాయి, 216 వోల్టుల దగ్గర 1500 వాట్ల రాడ్ ఇచ్చేది సరిగ్గా ఇంతే. అదే సమయంలో వోల్టేజిని ఊహించుకునే క్లాంపు 6.125 ఆంపియర్లను 230తో గుణించి 1409 చూపుతుంది. సాధనం మీద ముద్రించిన అంకెను నమ్మి సెన్సరును 1500కు సర్దితే ఉన్న తప్పు మరింత పెరుగుతుంది.

రాడ్‌తో మొదట గుణకాన్ని, అంటే సెన్సరు అంకెను అసలు వాట్లుగా మార్చే సంఖ్యను, సరిచేయాలి. తర్వాత నీళ్ల మోటారు ఒక్కటే నడిపి, మెరుపుల లెక్కకు సరిపోయేదాకా కోణాన్ని సర్దాలి. చివరగా రెండు మూడు బల్బులు మాత్రమే వెలిగించి తక్కువ కరెంటు దగ్గర చూడాలి. ఈ వరుస మార్చకూడదు, ఎందుకంటే రాడ్ పరీక్షకు కోణం అడ్డురాదు గానీ మోటారు పరీక్షలో గుణకం, కోణం రెండూ కలిసిపోతాయి. సగటు తీసే వ్యవధి కూడా తరంగాల పూర్తి సంఖ్యకు సరిపోవాలి. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ మధ్య ఉండాలన్నది నిబంధన కాబట్టి, 200 మిల్లీసెకన్లు తీసుకుంటే పది తరంగాలు దాదాపు సరిగ్గా పడతాయి.

మీటరు ఒక శాతం దోషానికి లోబడిందే కాబట్టి, దానితో సరిచూసిన యంత్రం అర శాతం ఖచ్చితమని చెప్పుకోవడంలో అర్థం లేదు. రెండు శాతం వస్తే ఇంటికి చాలు.

బిగించే చోటు గురించి ఒక హెచ్చరిక. క్లాంపు పెట్టాల్సింది మీటరు తర్వాత, ఇంటి మెయిన్ స్విచ్ లేదా డిస్ట్రిబ్యూషన్ బోర్డు దగ్గర. అది కూడా ఎలక్ట్రీషియన్ చేత. మీటరు సీలు తాకితే 2003 విద్యుత్ చట్టంలోని 138వ సెక్షను వర్తించే ప్రమాదముంది. తీగ మీద క్లాంపు ఉండగా దాని రెసిస్టర్‌ను ఊడదీయకూడదు, రక్షణ లేని సీటీల్లో అక్కడ ప్రమాదకరమైన వోల్టేజి పుడుతుంది.

సముద్రానికి దగ్గరి ఇళ్లలో, పెదవాల్తేరు, భీమిలి లాంటి చోట్ల, ఆరుబయటి బోర్డులో క్లాంపు పెడితే ఉప్పుగాలి ప్లగ్గునూ అతుకునూ పట్టేస్తుంది. కోరు ముఖాల మధ్య మురికి చేరి సందు వెంట్రుకవాసి పెరిగినా రీడింగు మారుతుంది. ఏడాదికోసారి ముఖాలను పొడిగుడ్డతో తుడిచి, రాడ్ పరీక్ష మళ్లీ చేస్తే సరిపోతుంది.

అన్నీ సరిచేసినా మీటరే ఎక్కువ చూపుతుంటే

అప్పుడు చూడాల్సింది న్యూట్రల్ తీగను. మన దేశంలోని సింగిల్ ఫేజ్ మీటర్లు దొంగతనాన్ని అరికట్టడానికి ఫేజు, న్యూట్రల్ రెండింటిలోనూ కరెంటును కొలిచి, ఏది ఎక్కువైతే దాన్ని లెక్కలోకి తీసుకునేలా తయారవుతాయి. ఒకే ఇంటిని పోర్షన్లుగా విడగొట్టి వేర్వేరు మీటర్లు పెట్టిన పాత కట్టడాల్లో, వైరింగు చేసినప్పుడు పై వాటా న్యూట్రల్‌ను కింది వాటా న్యూట్రల్‌తో కలిపేసి ఉంటే, పై వాటా కరెంటులో కొంత కింది మీటరు గుండా తిరిగి వెళుతుంది. ఫేజు మీద మాత్రమే ఉన్న క్లాంపుకు అది కనిపించదు. ఎర్త్‌కు లీకేజీ ఉన్నప్పుడూ రెండు తీగల కరెంట్లు సమానంగా ఉండవు.

దీన్ని కనిపెట్టడానికి అదే క్లాంపు పనికొస్తుంది. ఫేజు, న్యూట్రల్ రెండు తీగలనూ కలిపి ఒకే క్లాంపులో పెడితే వాటి క్షేత్రాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని రీడింగు సున్నా రావాలి. ముందే తెలిసిన రొదను మించి ఏదైనా కనిపిస్తే అది ఆ రెండు తీగల మధ్య తేడా. ఎంసీబీలను ఒక్కొక్కటిగా దించుతూ పోతే ఏ సర్క్యూటు దగ్గర ఆ తేడా మాయమవుతుందో తెలుస్తుంది. అన్నీ దించినా పోకపోతే అనుమానించాల్సింది కలిసిపోయిన న్యూట్రల్‌ను. మరమ్మతు ఇంటి వైరింగుదే, మీటరుది కాదు. ఈ పరీక్షలో సున్నా వచ్చి, రాడ్ పరీక్షలో ఫోనుకూ మీటరు లైటుకూ అయిదు శాతానికి మించి తేడా మిగిలినప్పుడు మాత్రం రుసుము చెల్లించి మీటరును పరీక్షించమని విశాఖ ప్రాంతపు విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌ను కోరడానికి గట్టి ఆధారం ఉన్నట్టే. విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేసేటప్పుడు మెరుపుల వీడియో, ఆ సమయపు వోల్టేజి రీడింగు దగ్గర ఉంచుకోవడం మంచిది.